ఉత్తర తెలంగాణ అడవుల్లో వన్యప్రాణి సంరక్షణకు జన్యు విజ్ఞానం

గోదావరి, ప్రాణహిత తీరాల్లో విస్తరించిన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల అడవులు వన్యప్రాణి సంపదకు పేరొందినవి. 1965లో అభయారణ్యంగా ఏర్పడిన కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దీని కోర్ ప్రాంతం సుమారు 892 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ఇటు వలస వస్తుంటాయి.

వలస వచ్చిన పులి ఏది, ఆడదా మగదా, ఏ అడవికి చెందినది అన్న విషయాలను దానిని పట్టుకోకుండానే తెలుసుకునే మార్గం మల పరీక్ష. మలం పైపొరకు అంటుకుని వచ్చే పేగు కణాలలో జంతువు డీఎన్ఏ లభిస్తుంది. మైటోకాండ్రియా జన్యువు జాతిని తెలుపగా, మైక్రోశాటిలైట్ గుర్తులు ఒక్కొక్క జంతువును విడిగా గుర్తిస్తాయి. కెమెరా ట్రాప్‌లో చారల ఫొటో లభించనిచోట ఇది ఎంతో ఉపకరిస్తుంది.

ఈ రంగంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ విశేష కృషి చేసింది. అత్తాపూర్‌లోని ఆ సంస్థ అనుబంధ ప్రయోగశాల లాకోన్స్‌ను 2007 ఫిబ్రవరి 1న నాటి రాష్ట్రపతి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. డాక్టర్ లాల్‌జీ సింగ్ తదితరులు రూపొందించిన యూనివర్సల్ ప్రైమర్ పద్ధతి ద్వారా చిన్న మాంసపు ముక్క నుంచి కూడా అది ఏ జంతువుదో నిర్ధారించవచ్చు. వేట కేసులలో ఇది న్యాయస్థానాలకు సాక్ష్యంగా ఉపయోగపడుతోంది.

అదే మలం లోపలి భాగంలో పేగులలోని సూక్ష్మజీవుల సమాచారం ఉంటుంది. 16ఎస్ జన్యు భాగాన్ని చదివి ఏ బ్యాక్టీరియా ఉన్నదీ గుర్తిస్తారు. ఆహారం, వ్యాధులు, పశువులతో సంపర్కం మారినప్పుడు ఈ సూక్ష్మజీవుల కూర్పు కూడా మారుతుంది. ఇందుకు నమూనా తాజాగా ఉండాలి. మట్టి తగలని లోపలి భాగాన్ని తీసి వెంటనే శీతలీకరించాలి. ఆలస్యమైతే బయటి బ్యాక్టీరియా చేరి ఫలితం తారుమారవుతుంది.

రాబందుల విషయంలోనూ ఈ పరిశోధన ఆసక్తికరం. కుమురం భీం జిల్లా పెంచికల్‌పేట ప్రాంతంలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు వెలుగుచూశాయి. అమెరికా రాబందులపై 2014లో వెలువడిన అధ్యయనం, వాటి పేగులలో క్లాస్ట్రీడియా, ఫ్యూసోబ్యాక్టీరియా వర్గాలే అధికమని తేల్చింది. ఇతర జంతువులకు హాని చేయగల ఈ సూక్ష్మజీవులను రాబందులు తట్టుకుంటాయి. అయితే కళేబరాలలో మిగిలిన డైక్లోఫెనాక్ మందును మాత్రం తట్టుకోలేవు. అందుకే 2006లో పశువైద్యంలో ఆ మందును దేశంలో నిషేధించారు.

ఈ పరీక్షల అవసరం ప్రయోగశాలకే పరిమితం కాదు. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లా దిగిడ, కొండపల్లి గ్రామాలలో పులి దాడులకు ఇద్దరు బలయ్యారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ డివిజన్ దరిగాం అడవిలో రెండు పులులు మరణించగా, పశువు కళేబరంపై విషప్రయోగం కోణంలో దర్యాప్తు జరిగింది. దాడి చేసిన పులిని గాయం వద్ద మిగిలిన లాలాజలం, వెంట్రుకల ద్వారా గుర్తించగలిగితే నిర్దోషి పులిని బంధించవలసిన పనిలేదు. బాధిత గ్రామాలకూ భరోసా లభిస్తుంది.

నమూనా సేకరించిన చోటు, తేదీ, సమయం నమోదు చేసి, సీలు వేసి పంపినప్పుడే ఫలితం ప్రామాణికమవుతుంది. ఆ తొలి బాధ్యత అడవిలో తిరిగే బీట్ అధికారులదే.