ఇంట్లో కట్టిన కారు: కొంత చరిత్ర

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మేము శాతవాహనుల మీదనో కాకతీయుల మీదనో వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. ఆ సంగతులు మాకంటే బాగా తెలిసినవారు బాతెల్‌లోనే చాలమంది ఉన్నారు. మాకు చేతులతో తెలిసిన చరిత్ర ఒక్కటే. అది మా ఇంటి గరాజులో మూడు చలికాలాలు పట్టింది. కనుక దానినే మనవి చేస్తున్నాము.

మేము ఫిజీ తెలుగువాళ్ళం. మా తాతగారు 1910 ప్రాంతంలో విశాఖపట్నం జిల్లా నుండి గిరిమిటి కూలీగా ఓడ ఎక్కారు. మాది మూడవ తరం. తెలుగు మాకు చిన్నప్పుడు తాతగారి నోట నాలుగు మాటలు, మిగిలినదంతా ఇక్కడి సాయంకాలపు తరగతుల్లో వచ్చింది. తప్పులుంటే పాఠకులు మన్నించాలి. ఆ తరగతిలోనే ఒకనాడు "మేము ఇంట్లో కారు కట్టుకుంటున్నాము" అని మేమంటే అందరూ నవ్వారు. ఇల్లు కడతారు, చీర కడతారు, కారైతే తయారు చేస్తారని మా పంతులమ్మగారు సరిదిద్దారు. అంతలో ఆమే కొంచెం ఆగి, "అయినా బండి కట్టమంటాం గదా" అన్నారు. కాడికి ఎడ్లను పూన్చడాన్ని అలా అంటారట. వెనుక వరుసలోని విజయవాడ ఆయన ఒకరు, తమ ఊరి ఆటోనగర్‌లో ఉత్త ఛాసిస్ కొని తెచ్చి లారీకి బాడీ కట్టిస్తారని అందుకున్నారు. మా తప్పు ఒప్పయిపోయింది. అందుకే పైన పేరు అలాగే ఉంచాము.

మేము కట్టినది మజిల్ కారు. అంటే ఏమిటో పిల్లలకు చెప్పనక్కరలేదు, పెద్దల కోసం చెబుతున్నాము. పెద్ద కారులో ఉండవలసిన బలమైన ఇంజనును తీసి, తేలికైన మధ్యరకం కారులో కూర్చోబెట్టడమే దాని రహస్యం. అంతకుమించి అందులో గొప్ప విద్య ఏమీ లేదు. ఈ జాతికి మొదటిదని ఎక్కువమంది చెప్పుకునేది 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. అది పుట్టిన తీరు విచిత్రమైనది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన శాఖలు పందేలలో పాల్గొనరాదని ఆజ్ఞ వేసింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని కూడా వారికి ఒక నియమం ఉండేది. పాంటియాక్ శాఖలో ఉన్న జాన్ డెలోరియన్, అతని తోటి ఇంజనీర్లు ఆ నియమానికి ఒక సందు కనిపెట్టారు. కొత్త కారు అని చెప్పలేదు. టెంపెస్ట్ అనే పాత కారుకు ఒక "అదనపు సౌకర్యం" అని పేరు పెట్టి, సుమారు 296 డాలర్లకు పెద్ద పాంటియాక్‌లలోని 389 ఘనపుటంగుళాల ఇంజనును అందులో పెట్టి ఇచ్చారు. అయిదువేలు అమ్మితే చాలుననుకున్నారు. ఆ ఏడు 32,450 అమ్ముడుపోయాయి. ఆ తరువాత ఆ నియమం సడలింది.

కనుక కర్మాగారం వాళ్ళు చేసినదీ, ఇంటి గరాజులో మనం చేసేదీ మొదటినుండి ఒకే పని. అరలో ఉన్న సామాను ఒకదానిలో ఒకటి ఇమడ్చడం.

మా కారు ఆకారం షెల్బీ కోబ్రాది. కోబ్రాను మజిల్ కారు అనవచ్చునా, అది పందెపు కారు గదా అని వాదించేవారున్నారు. మా దృష్టిలో అది ఆ వంశానికి పెద్దన్న. కారల్ షెల్బీ టెక్సాస్‌లో కోళ్ళ పెంపకం చేసి నష్టపోయిన మనిషి. 1959లో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెం గెలిచిన జంటలో ఒకడు. గుండెజబ్బు వల్ల 1960తో పందేలు మానవలసివచ్చింది. ఇంగ్లండులో ఎ.సి. అనే చిన్న కంపెనీ ఏస్ అనే అందమైన తేలిక కారును చేసేది. దానికి బ్రిస్టల్ వారి ఇంజను వచ్చేది. ఆ ఇంజను ఇక రాదని తెలిసి, 1961లో షెల్బీ వారికి ఉత్తరం వ్రాశాడు, మీ కారులో అమెరికా వి-8 పెడదామని. ఇంజను కోసం ఫోర్డు వారిని అడిగాడు. 1962 ఫిబ్రవరిలో ఇంజను లేని కారు ఒకటి కాలిఫోర్నియాకు వచ్చింది. శాంటా ఫే స్ప్రింగ్స్‌లో డీన్ మూన్ అనే మిత్రుని షాపులో కొన్ని గంటలలోనే అందులో 260 ఘనపుటంగుళాల ఫోర్డు ఇంజను బిగించి బయటికి తోలారు. ఉన్నది ఒక్కటే కారు. పత్రికల వాళ్ళు వచ్చినప్పుడల్లా దానికి కొత్త రంగు వేసేవాడు, చాల కార్లున్నాయని అనుకోవాలని. దాని నంబరు సి.ఎస్.ఎక్స్. 2000. 2016 ఆగస్టులో ఆ కారు వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు పోయింది.

ఆ నంబరు సంగతి పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి.

అసలు కోబ్రాలు మొత్తం వెయ్యి లోపే తయారైనాయి. మజిల్ కార్ల కాలం కూడ ఎంతో నిలువలేదు. 1970లో షెవెల్ కారుకు 454 ఘనపుటంగుళాల ఇంజనుతో 450 గుర్రాల బలం ఇచ్చారు, అది ఉచ్ఛదశ. అదే ఏడు గాలి పరిశుభ్రత చట్టం గట్టిపడింది. భీమా కంపెనీలు కుర్రవాళ్ళ దగ్గర మోయలేనంత ప్రీమియం అడిగాయి. 1973 అక్టోబరులో పెట్రోలు ఆంక్షలు వచ్చాయి. పెట్రోలు బంకుల ముందు వరుసలు నిలిచిన తరువాత ఆ కార్లు ఎవరికి కావాలి? పాత జి.టి.ఓ. 1974తో ఆగింది. కాని మనుషుల మనసులో ఆగలేదు. ఫైబర్‌గ్లాసుతో కోబ్రా ఆకారం పోసి, ఉక్కు గొట్టాల చట్రం అతికి, ఇంట్లో బిగించుకోమని అమ్మే కంపెనీలు పుట్టుకొచ్చాయి. షెల్బీ వారి మీద కోర్టులకు కూడ వెళ్ళాడు. ఇంగ్లండు వారి కారును మార్చి పేరు తెచ్చుకున్నవాడు, తన కారును ఇతరులు అనుకరిస్తే ఒప్పుకోకపోవడం మాకు కొంత నవ్వు తెప్పించే విషయం.

మేము 2018 చలికాలానికి ముందు మొదలుపెట్టాము. మేము అంటే మేమిద్దరం బడిపంతుళ్ళం, మా అబ్బాయి. చట్రం, బాడీ పెట్టెల్లో వచ్చాయి. ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు 1980ల నాటి పాత మస్టాంగుల నుండి సంపాదించాము. ఇక్కడి వాన సంగతి తెలిసిందే. అక్టోబరు నుండి గరాజు తలుపు మూసి, హీటరు పెట్టుకొని పని. మా నాన్నగారు ఫిజీలో చక్కెర మిల్లు ఫిట్టరు. ఆయన పానాలు పెట్టెలో పెట్టుకొని సముద్రం దాటించి తెచ్చుకున్నాము. అవి పాత ఇంగ్లీషు విట్‌వర్త్ కొలతలవి. ఈ కారులో సగం బోల్టులు అంగుళాల లెక్క, సగం మిల్లీమీటర్ల లెక్క. నాన్నగారి పానా ఒక్కటీ ఒక్క బోల్టుకూ పట్టలేదు. అయినా వాటిని బల్లమీద వరుసగా పెట్టి పనిచేశాము.

రెండవ చలికాలం చివర ఇంజను తొలిసారి తిప్పాము. తిరగలేదు సరిగదా, కార్బురేటరు నోటి నుండి మంట పైకి లేచింది, మా కనుబొమలు కొంచెం కాలాయి. తీగలన్నీ విప్పి మళ్ళీ బిగించాము. మళ్ళీ అదే. మూడు వారాలు ఇలా గడిచింది. తప్పు మాదే. ఎనిమిది సిలిండర్లలో నిప్పురవ్వ ఏ వరుసలో పడాలో అన్నది కొత్తగా కొన్న పాత పుస్తకంలో చూశాము. అందులో 1-5-4-2-6-3-7-8 అని ఉన్నది. అది 1960ల నాటి ఇంజనుకు ఒప్పు. మా ఇంజను చూడడానికి అదే, కొలత 302 ఘనపుటంగుళాలే, కాని 1982 తరువాత ఆ బలమైన రకానికి ఫోర్డు వారు లోపలి కామ్‌షాఫ్టు మార్చి వరుసను 1-3-7-2-6-5-4-8 చేశారు. నలభై ఏండ్లు పిల్లలకు ఎక్కాలు చెప్పినవాళ్ళం, ఎనిమిది అంకెల వరుసలో పడిపోయాము. సరిచేసిన రాత్రి అది మొదటి తిప్పుకే అందుకున్నది. పక్కింటివాళ్ళు తలుపు తెరచి చూశారు.

ఆ రాత్రి మా అబ్బాయి, "నాన్నా, మన తెలుగువాళ్ళలో ఎవరైనా ఇలా కట్టారా?" అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. చదివి తెలుసుకున్నాము.

కట్టారు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు, అందరూ జి.డి. నాయుడు అంటారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. చదువు ప్రాథమిక పాఠశాలతో సరి. ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర రడ్జ్ మోటారు సైకిలు చూసి, దానిని కొనడం కోసం హోటలులో వడ్డన పని చేసి డబ్బు కూడబెట్టారు. కొన్న తరువాత నడపడం కాదు, ముందు దానిని ముక్కముక్కలుగా విప్పి మళ్ళీ బిగించారు. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచి, పళని మధ్య తామే తోలారు. ఆ ఒక్క బస్సు పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన చేసిన విద్యుత్ మోటారు భారతదేశంలో మొదటిదని చెబుతారు. గడ్డం గీసుకునే విద్యుత్ రేజరు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఆయన చేయి పెట్టనిది లేదు. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమని, రెండేండ్లు చాలునని వాదించారు. పంతుళ్ళం గనుక ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించలేము, కాని నిప్పురవ్వల వరుస తప్పిన తరువాత గట్టిగా కాదనలేము కూడ.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండువేల రూపాయలు. అప్పటికి కొత్తగా పరిశ్రమల చట్టం వచ్చింది, 1951 నాటిది. ఆ చట్టంలో చేర్చిన వస్తువులను పెద్ద ఎత్తున తయారు చేయాలంటే ఢిల్లీ లైసెన్సు కావలసివచ్చేది. ఆయనకు లైసెన్సు ఇవ్వలేదు. కారు ఉన్నది, చేసిన మనిషి ఉన్నాడు, నడుస్తున్నది, కాగితం లేదు. అంతటితో ఆగిపోయింది. నాయుడుగారు 1974లో చనిపోయారు. 2015లో ఆయన కుటుంబంవారు కోయంబత్తూరులో కార్ల మ్యూజియం ఒకటి తెరిచారు.

హైదరాబాదులో బహదూర్‌పురా దగ్గర కె. సుధాకర్ అనే ఆయన ఉన్నారు. బడిలో చదివే రోజుల నుండి పాత ఇనుముతో బండ్లు చేస్తూ వచ్చారు. బూటు ఆకారం కారు, క్రికెట్ బ్యాటు ఆకారం కారు, టీ కప్పు కారు, అన్నీ నడిచేవే. 2005లో ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. 2010లో పెట్టిన సుధా కార్స్ మ్యూజియానికి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళే పిల్లలను తీసుకువెళ్ళండి. చార్మినారుకు దూరం కాదు.

ఇక మా కాగితం సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంట్లో చేసిన కారుకు టైటిల్ కావాలంటే ముందు స్టేట్ పెట్రోల్ వారు కారును స్వయంగా చూడాలి. చట్రానికి పుట్టుక పత్రం, ఇంజను ఎక్కడిది, గేరుబాక్సు ఎక్కడిది, ప్రతిదానికీ రసీదు. ఏదీ దొంగసొమ్ము కాదని తేలాలి. 2021 వసంతంలో కారును ట్రైలరు మీద ఎక్కించి తీసుకువెళ్ళాము. గేరుబాక్సుకు రసీదు లేదు. పాత సామాను సంతలో ఒకాయన దగ్గర నోటిమాట మీద కొన్నాము, అది మా అజాగ్రత్త. అది లేకుండా కుదరదన్నారు. తిరుగుదారిలో ఎవరూ మాట్లాడలేదు. మూడేండ్ల పని, ఒక కాగితం ముక్క లేక గరాజులో బొమ్మగా మిగులుతుందా అన్నదే మా ముగ్గురి ఆలోచన. నాయుడుగారి కారు అప్పుడు మాకు నిజంగా అర్థమైంది.

అమ్మిన మనిషి కోసం ఆ సంతకు వరుసగా మూడు నెలలు వెళ్ళాము. జూలైలో దొరికాడు. కారు బానెట్ మీదనే కాగితం పెట్టి వ్రాసి సంతకం చేశాడు. రెండవసారి తనిఖీ అధికారి నంబరును రెండుసార్లు చదివి, తల ఊపి, ఫారం మీద సంతకం చేశారు.

టైటిల్ పోస్టులో వచ్చిన రోజున దానిని పెట్టడానికి ఇంట్లో ఉన్న ఫైలు తీశాము. అందులో పైన ఉన్నది మా తాతగారి ఎమిగ్రేషన్ పాసు నకలు. ఫిజీ ప్రభుత్వ భాండాగారం నుండి తెప్పించుకున్నది. దాని మీద ఒక నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, ఎత్తు, ఒంటి మీది గుర్తు. ఊరి పేరు ఎవరో గుమాస్తా తన చెవికి తోచినట్టు వ్రాశాడు, ఆ ఊరు ఏదో నేటికీ మాకు తెలియదు. కారు కాగితం మీద మాత్రం మా ఇంటి అడ్రసు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉన్నది. రెండూ ఒకే ఫైలులో ఉంచాము.

ఉత్సవం రోజున వాన లేకపోతే కారు హాలు వెనుక పార్కింగులో ఉంటుంది. దానికి పైకప్పు లేదు, అందుకే వాన సంగతి చెబుతున్నాము. పిల్లలు వచ్చి చూడవచ్చు, బానెట్ ఎత్తి ఆ వరుస ఏదో మేమే చూపిస్తాము. తలుపులకు బయట పిడి లేదు, చెయ్యి లోపలికి పెట్టి తీయాలి. పొగగొట్టాలు రెండు పక్కలా తలుపుల కిందుగా ఉంటాయి, ఆపిన అరగంట వరకు కాలుతాయి. పరికిణీలు కట్టుకున్న పిల్లలను పెద్దలు కొంచెం దూరంగా పట్టుకోవాలని ప్రార్థన.