ఏకవీరలో బాల్యమైత్రి



నేటి నా ప్రసంగమునకు విషయము విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ యను నవల. దీనిని గూర్చి ప్రసంగించువారు సామాన్యముగా రెండు జంటల వలపును గూర్చియు, మనోనిగ్రహమును గూర్చియు చెప్పుదురు. నేను మాత్ర మీ పూట దీని నిద్దఱు స్నేహితుల కథగా పరిశీలింపదలచితిని. స్నేహితునియెడ తప్పు చేసినవానికి నిష్కృతి కలదా యను ప్రశ్న నన్ను చిన్ననాటినుండి వేధించుచున్నది. అందులకు కారణము చివర విన్నవించెదను.

మొదట కథకు రంగస్థలమైన చరిత్రను గొంత చూతము. మధుర తమిళదేశపు పట్టణమే యైనను, 1529 మొదలు 1736 వఱకు తెలుగు నాయకరాజుల యేలుబడిలో నుండెను. ఆ రాజ్యము పుట్టుటయే యొక ధర్మసంకటమునందు పుట్టినది. శ్రీకృష్ణదేవరాయల సేనాని నాగమనాయకుడు పాండ్యరాజునకు తోడ్పడుటకై దక్షిణమునకు పంపబడి, మధురను గెలిచి తానే యుంచుకొనెనట. రాయలు కినిసి, వానిని బట్టి తెచ్చువా రెవ్వరని నిండుసభలో నడుగగా, లేచి నిలిచినవాడు నాగముని కన్నకొడుకు విశ్వనాథనాయకుడు. అతడు తండ్రితో పోరి, గెలిచి, బందీగా గొనివచ్చి రాయలయెదుట నిలిపె ననియు, రాయలు కొడుకు విశ్వాసమునకు మెచ్చి తండ్రిని క్షమించె ననియు, పిమ్మట మధురరాజ్యము విశ్వనాథనాయకుని కబ్బె ననియు పెద్దలు చెప్పుదురు. ప్రభుభక్తి ధర్మమే, పితృభక్తియు ధర్మమే. ఒకదానిని నిలుపబోగా రెండవది గాయపడినది.

విశ్వనాథనాయకుడును, అతని మంత్రి అరియనాథ మొదలియారును రాజ్యమును 72 పాళెములుగా నేర్పఱచిరి. పాళెగాడు తన భాగమును కాచుకొనవలయును. రాజునకు కప్పము చెల్లింపవలయును. పిలుపు వచ్చినపుడు సేనతో కదలవలయును. ఇట్టి రాజ్యము నిలుచుట మాటమీద. మాట తప్పినచో కోటలున్నను ఫలము లేదు. తెలుగు మాటయు నచట గౌరవమందినది. 18వ శతాబ్దారంభమున నేలిన విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగు వచనమున ‘శ్రీరంగమాహాత్మ్యము’ వ్రాసెను. కనుక తెలుగు నవలాకారుడు తన కథకు మధురను ఎన్నుకొనుట పరాయిగడ్డకు పోవుట గాదు. పూర్వులు కాపురమున్న యింటికి పోవుట.

విశ్వనాథవారు 1895లో కృష్ణాజిల్లా నందమూరులో జన్మించిరి. ‘ఏకవీర’ 1929-31 సంవత్సరముల నడుమ ‘భారతి’ మాసపత్రికలో ధారావాహికముగా వెలువడినది. 1969లో చలనచిత్రమయ్యెను. కథ యీ రీతిది. సేతుపతి, వీరభూపతి మిత్రులు. సేతుపతి మీనాక్షిని వలచెను; వీరభూపతి ఏకవీరను వలచెను. పెండ్లిండ్లు మాత్రము తాఱుమాఱయ్యెను. ఏకవీర సేతుపతి యిల్లాలయ్యెను. మీనాక్షి వీరభూపతి యిల్లాలయ్యెను. తాను వలచిన కన్య తన మిత్రుని గృహిణి యైనదని తెలియునప్పటికి కాలము మించిపోయినది.

ఇందు దోషి యెవడు? పుస్తకము పలుమాఱు చదివితిని. నాకు దుష్టు డొక్కడును కనబడలేదు. పెద్దలు తమ పెద్దఱికము నెఱపిరి. పిల్లలు పెద్దల మాట మీఱలేదు. మిత్రుడు మిత్రునకు ద్రోహము తలపెట్టలేదు. అయినను నాలుగు జీవితములు దగ్ధమయ్యెను. దీనికి నాకు తోచిన కారణ మొక్కటి. ఒకే ప్రాణముగా మెలగినవారిలో ఒకని మనసున నున్న కన్య యెవరో రెండవవానికి తెలియదు. చెప్పవలసిన నాడు చెప్పలేదు. తెలిసిన పిమ్మట చెప్పరాదు. చెప్పినచో స్నేహమునకును, కాపురమునకును భంగము. మొదటి మౌనము సిగ్గువలన వచ్చినది. రెండవ మౌనము విశ్వాసమువలన వచ్చినది. ఆ రెండవదియే మిక్కిలి క్రూరమైనది. కథ యెట్లు ముగిసినదో చెప్పను. చదువనివారు చదువుకొందురు గాక.

మన పురాణములలో బాల్యమిత్రుల కథలు రెండు ప్రసిద్ధములు. ద్రోణద్రుపదు లొక్క గురువుకడ చదివిరి. ద్రుపదుడు రాజైన పిమ్మట, పేదకును రాజునకును చెలిమి యేమని ద్రోణు నవమానించెను. ద్రోణుడు శిష్యులచే వానిని బట్టి తెప్పించి, సగము రాజ్యము తానుంచుకొని సగము తిరిగి యిచ్చెను. లెక్క సరిపోయినది, మనసు సరిపోలేదు. ఆ పగ కురుక్షేత్రమున ధృష్టద్యుమ్నుని కత్తివఱకు నడచినది. బదులు తీర్చుట వేఱు, నిష్కృతి వేఱు అని యీ కథ బోధించుచున్నది. రెండవది కుచేలుని కథ. అతడు ద్వారకకు పోయి, కోరవలసినది కోరక యిల్లు చేరెను. అడుగకయే యన్నియు నమరెను. అతని మౌనము ఫలించుటకు కారణము, ఎదుటివాడు శ్రీకృష్ణుడగుట. మన స్నేహితులు శ్రీకృష్ణులు గారు. మనము నోరు విప్పి చెప్పకున్న వారికి తెలియదు.

ఇంక నా సంగతి. మాది నవాబుపేట. మూసీనది పుట్టిన అనంతగిరి కొండలు మాకు చేరువ. 1973 ప్రాంతమున నేను తొమ్మిదవ తరగతి చదువుచుంటిని. బడిలో పుస్తకముల బీరువా యొక్కటి యుండెడిది. తాళపుచెవి నా స్నేహితునియొద్ద నుండెడిది. అతడు గొఱ్ఱెల కాపరి కుమారుడు. లెక్కలలో నాకంటె దిట్ట. ఒకనాడు నేను ‘ఏకవీర’ ప్రతిని చిట్టాలో వ్రాయకయే చొక్కాలో దోపుకొని యింటికి గొనిపోతిని. రెండు దినములలో తిరిగి పెట్టెదనని నా తలపు. మఱునాడే తనిఖీ జరిగినది. నేరము తాళపుచెవి గలవానిపై పడినది. అతడు దెబ్బలు తినెను. వెల కట్టుమని తండ్రికి కబురు పోయినది. తండ్రి వెల కట్టి, కొడుకును బడి మాన్పించి మందవెంట పంపెను. నేను ముందువరుసలో కూర్చుండి చూచుచుంటిని. పెదవి కదపలేదు.

పిమ్మట నేను పండితుడనైతిని. ముప్పదియైదేండ్లు పిల్లలకు మిత్రలక్షణమును బోధించితిని. ఆ పాఠము వచ్చినప్పుడెల్ల నా కంఠము తడబడెడిది, జలుబని చెప్పెడివాడను. పదవీ విరమణ చేసిన యేడు, ఆ పుస్తకమును చేతబట్టి అతని యింటికి పోయి, జరిగినది మొదటినుండి చెప్పితిని. అతడు వాకిట మంచముపై కూర్చుండి అంతయు వినెను. చొక్కా యెత్తుగా నుండుట తానానాడే చూచితి ననియు, నన్ను కొట్టుదురని చెప్పలేదనియు పలికెను. కొంతసేపటికి, “మరి గా కితాబుల ఆఖరుకు ఏమైందిరా?” యని యడిగెను.

అతడును నలువదియేండ్లకు పైగా మౌనముగా నుండెను, నాపై ప్రేమచేత. నేనును మౌనముగా నుంటిని, భయముచేత. ఆ యిద్దఱి మౌనమునడుమ నొక బాలుని చదువు పోయినది. నే నిప్పుడు చెప్పినంతమాత్రమున అది తిరిగి రాదు. కనుక నాకు నిష్కృతి కలిగినదని శ్రోతలయెదుట చెప్పుకొనను. సాయంకాలము లతని వాకిట కూర్చుండి ఆ నవలను చదివి వినిపించితిని. పదునైదు దినములు పట్టినది. సేతుపతి తప్పేమియు లేదని అతడు వాదించెడివాడు. అప్పుడే చెప్పియుండవలసినదని నేను వాదించెడివాడను.

శ్రోతలలో నెవ్వరికైనను బాల్యమిత్రునికి చెప్పవలసిన మాట యొకటి మిగిలియున్నచో, ఆ మిత్రుడు బ్రతికియుండగనే పోయి చెప్పుడు. అతడు క్షమించునో లేదో అది అతని యిష్టము. చెప్పుట మన ఋణము.

సెలవు.