ఆల్బమ్ అట్ట మీద నల్లగళ్ళు

మొన్న బీరువా సర్దుతుంటే మా అమ్మాయి పెళ్లి ఆల్బమ్ చేతికొచ్చింది. వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఫోన్ పెడితే వీడియో రావాలి. అప్పగింతలప్పుడు మా నాన్న మాట్లాడిన రెండు నిమిషాలు అందులోనే ఉన్నాయి. ఆయన పోయి మూడేళ్ళు. ఫోన్ పెట్టాను. పేజీ లేదంది.

కోడ్ మూల మీద పసుపు మరక ఉంది. నా చేతులే పాడుచేశాయనుకుని గుండె జారింది. "మరకలకి అది చావదమ్మా, ఆ వీడియో పెట్టిన వెబ్‌సైటే మూసేశారు" అన్నాడు మా అబ్బాయి.

ఆ తర్వాత దీని పుట్టుక గురించి చదివాను. 1994లో జపాన్‌లో, కార్ల విడిభాగాలు చేసే డెన్సో సంస్థలో మసాహిరో హరా అనే ఇంజనీరు తన బృందంతో దీన్ని తయారుచేశారు. బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలే పట్టేవి. అందుకని ఒక్కో పెట్టె మీద బోలెడు బార్‌కోడ్లు, అన్నీ విడివిడిగా చదివించాలి. పనివాళ్ళకి విసుగు రాదూ! గళ్ళ పలక మీద నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పేర్చే గో ఆట ఆడుతుంటే ఆయనకి ఈ ఆలోచన తట్టిందట. మన పులి-మేక ఆడుతూ ఎవరికీ తట్టలేదు చూడండి. ఫ్యాక్టరీ అంటే జిడ్డు, మురికి. అందుకే దాదాపు 30 శాతం చెడినా చదవగలిగేలా కూడా చేయొచ్చు. పేటెంటు ఉన్నా అందరినీ వాడుకోనిచ్చారు. మన కూరగాయల బండి దాకా వచ్చిందంటే అందుకే.

నాకు తట్టిన సంగతి ఒకటుంది. ఆ పెట్టెల మీద కోడ్‌లో భాగం నంబరు లాంటి వివరం దానిలోనే ఉండేది. మన ఆల్బమ్ మీదున్నది వట్టి చిరునామా. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే చిరునామా ఏం చేస్తుంది?

"మాటలనే కోడ్‌లో పెట్టొచ్చా?" అని అడిగాను. పెట్టొచ్చట, తెలుగులో అయితే వెయ్యి అక్షరాలకి కాస్త లోపు. గుడి, కొమ్ము కూడా విడిగా లెక్కే. నిండా కూరితే మరకలు తట్టుకునే బలం తగ్గుతుందట. గొంతు మాత్రం పట్టదు.

నాన్న ఆరోజు అన్నవి గుర్తున్నంత వరకు చెప్పాను, వాడు టైపు చేశాడు. "అల్లుడుగారూ, మా పిల్లకి కోపం ఎక్కువ, ఆకలేస్తే ఇంకా ఎక్కువ" అన్నదగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఫొటోలు తీసినతని పాత హార్డ్ డిస్క్ వాళ్ళ ఊళ్ళో ఉందట. ఆదివారం వెళ్తున్నాం.