కఱ్ఱ, గుడ్డ, తీగ: మాత్ విమానముల వంశకథ

అఫ్జల్‌గంజ్‌లో నిలిచి చూచినచో ఒక వంక ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు, మఱియొక వంక త్రాళ్లు, గుడ్డలు, ఇనుప సామాను అమ్ము అంగళ్లు కనిపించును. అట్టి సామాన్యమైన వస్తువులతోనే, అనగా కఱ్ఱ, గుడ్డ, తీగ, జిగురులతో కట్టిన రెక్కలు గల విమానములు ఇచ్చటికి కొలది మైళ్ల దూరముననున్న బేగంపేట ఆకాశమున ఒకప్పుడు ఎగిరినవన్నచో నేటి పిల్లలకు వింతగా తోచును. ఆ విమానముల వంశచరిత్రను ఇచ్చట సంగ్రహముగా తెలిపెదము.

మొదటి ప్రపంచయుద్ధానంతరము విమానమనిన సైనికులకు, శ్రీమంతులకు తక్క అన్యులకు అందని వస్తువు. దానిని క్లబ్బులకు, ఔత్సాహికులకు అందింపవలెనని ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ సంకల్పించెను. తేలికయైనది, చౌకయైనది అగు యంత్రము దొరకుటయే కష్టము. యుద్ధములో మిగిలిన రెనో యంత్రములకు ఎనిమిది సిలిండర్లుండెడివి. ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ అను ఇంజనీరు వాని భాగములతోనే నాలుగు సిలిండర్ల సగము యంత్రమును కూర్చెను. అదియే 60 అశ్వశక్తుల సిర్రస్. దానిని అమర్చిన విమానము 1925 ఫిబ్రవరి 22న తొలిసారి ఎగిరినది. రెక్కలు వెనుకకు మడిచి చిన్న కొట్టములో నుంచుకొనవచ్చును. కీటకశాస్త్రమున ప్రీతిగల డి హావిలాండ్ దానికి మాత్, అనగా చిమ్మట, అని పేరిడెను.

పాత యంత్రముల నిలువ తరుగుచుండగా 1928 నాటికి జిప్సీ అను స్వంత యంత్రము వచ్చినది. 1930లో అమీ జాన్సన్ జిప్సీమాత్‌పై ఒంటరిగా ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు పోయెను. పిమ్మట ప్రయాణికులు గదిలో కూర్చుండునట్లు పుస్‌మాత్ వెలసినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా దానిపైననే కరాచీ నుండి బొంబాయికి తపాలా తెచ్చెను. అచ్చటి నుండి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు కొనిపోయెను. అయితే పుస్‌మాత్‌లు కొన్ని గాలిలోనే రెక్కలు విఱిగి కూలి, ప్రాణనష్టము కలిగినది. నిపుణులు దీర్ఘముగా పరీక్షించి, రెక్కను మోయు కడ్డీకి ఒక చిన్న అడ్డుకమ్మిని చేర్చిరి. అంత చిన్న కమ్మి కొఱకు అందఱు బలియైరి!

ఈ వంశమున మిగుల ప్రసిద్ధి గాంచినది టైగర్‌మాత్. 1931 అక్టోబరు 26న అది తొలిసారి ఎగిరినది. పాత మాత్‌లో ముందు కూర్చున్నవాడు పారాచూటుతో దుముకబోయిన పైరెక్క, దాని ఆధారస్తంభములు అడ్డు తగిలెడివి. కావున పైరెక్క నడిమి భాగమును ముందుకు జరిపిరి. అందువలన తప్పిన తూకమును సరిచేయుటకై రెక్కలను వెనుకకు వంచిరి. చూపఱకు సొగసుగా తోచు ఆ వంపు వెనుక ఒక మనుష్యుని ప్రాణరక్షణ దాగియున్నది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున బేగంపేటలో ప్రాథమిక విమాన శిక్షణాలయము నెలకొన్నప్పుడు యువకులు ఈ టైగర్‌మాత్‌పైననే అక్షరాభ్యాసము చేసిరి. రేడియో శ్రోతలకు ఆశ్చర్యము గొలుపు విషయమేమన, గురుశిష్యుల నడుమ మాటలు కేవలమొక గొట్టము ద్వారా సాగెడివి. చేతితో పంకాను త్రిప్పిననే గాని యంత్రము కదలెడిది కాదు. చక్రములకు బ్రేకులు లేవు.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్యను మన దేశమే తన చేతులలోనికి తీసికొన్నది. వి.ఎమ్. ఘాటగే నాయకత్వమున బెంగుళూరులోని హిందుస్తాన్ కర్మాగారము నిర్మించిన హెచ్.టి.-2 అను పూర్తి లోహవిమానము 1951 ఆగస్టులో ఎగిరి, క్రమముగా వైమానికదళమున టైగర్‌మాత్ స్థానమును గైకొన్నది. దానిలోని యంత్రము పేరు సిర్రస్ మేజర్. 1925 నాటి సగము యంత్రపు పేరే కొత్త శరీరములో మరల వినవచ్చినది. 1958లో ఎగిరిన పుష్పక్ మన ఫ్లయింగు క్లబ్బులలో చేరినది.

2008లో ప్రయాణికుల విమానములు బేగంపేటను వీడి శంషాబాదుకు తరలినవి. కఱ్ఱ, గుడ్డల కాలము అంతకు ఎంతో ముందే గడచిపోయినది. అయినను ఆ చిన్న విమానముల కథ మనకొక సత్యమును బోధించును. యంత్రము ఒక్కనాటిలో విశ్వాసపాత్రము కాదు. తప్పును దాచక, దాని మూలమును వెదకి, ఒక కమ్మిని చేర్చి, ఒక రెక్కను జరిపి, తరువాత ఎక్కువారికి భద్రత కూర్చినవారి ఓర్పుచేతనే అది విశ్వాసపాత్రమగును.