ఉష్ణ వాహకత కొలత – చరిత్ర

పదార్థం తన గుండా వేడిని ఏపాటి పోనిస్తుందో చెప్పే రాశి ఉష్ణ వాహకత. దీని ప్రమాణం వాట్/మీటర్·కెల్విన్. సుమారుగా రాగికి 400, మంచుకు 2.2, నీటికి 0.6, పాలిథీన్‌కు 0.3–0.5, పీవీసీకి 0.2, థర్మాకోల్‌కు 0.035, కదలని గాలికి 0.026 ఉంటుంది. లోహాలను కొలవడం కొంత తేలిక. పాలిమర్ల వంటి అధమ వాహకాల విషయంలో పలక గుండా పోయే వేడి స్వల్పం, అంచుల నుంచి జారిపోయే వేడి దానికి పోటీగా ఉంటుంది. ఆ నష్టాన్ని అదుపు చేయడానికి సాగిన కృషే ఈ కొలత చరిత్రలో ప్రధాన భాగం.

తొలి ప్రయత్నాలు

18వ శతాబ్దం దాకా ఈ గుణాన్ని ఎక్కువగా స్పర్శతోనే అంచనా వేసేవారు. 1789లో శాస్త్రవేత్త ఇంగెన్‌హౌజ్ మైనం పూసిన లోహపు తీగల కొనలను వేడి నూనెలో ముంచి, మైనం ఎంత దూరం కరిగిందో చూసి లోహాలను పోల్చాడు. ఫోరియే 1807లో సమర్పించి, 1822లో గ్రంథంగా వెలువరించిన ఉష్ణ వహన సిద్ధాంతం వాహకతకు కచ్చితమైన నిర్వచనం ఇచ్చింది. 1853లో వీడెమన్, ఫ్రాంజ్ ఒకే ఉష్ణోగ్రత వద్ద వేర్వేరు లోహాల ఉష్ణ, విద్యుత్ వాహకతల నిష్పత్తి దాదాపు సమానమని చూపారు. 1861లో స్వీడన్‌కు చెందిన ఆంగ్‌స్ట్రామ్ కడ్డీ కొనను మార్చి మార్చి వేడిచేసి, చల్లార్చి, ఉపరితల నష్టం లెక్కలోంచి తొలగిపోయే చక్కని పద్ధతి రూపొందించాడు.

లీస్ పద్ధతి

1898లో చార్లెస్ లీస్ ప్రచురించిన పరిశోధన అధమ వాహకాలకు దారి చూపింది. అట్ట, ఎబొనైట్, గాజు వంటి పదార్థాన్ని పలుచని వెడల్పాటి బిళ్లగా తీసుకుంటే వేడి ప్రవహించే వైశాల్యం పెరిగి, అంచుల నష్టం తక్కువవుతుంది. కళాశాలల్లో వాడే పరికరంలో బిళ్ల కింద లోహపు దిమ్మె, పైన ఆవిరి గది ఉంటాయి. ఆవిరి గదిలో, దిమ్మెలో ఉంచిన రెండు థర్మామీటర్లూ నిలకడ ఉష్ణోగ్రతలకు చేరాక వాటిని నమోదు చేస్తారు. తరువాత దిమ్మెను నిలకడ ఉష్ణోగ్రత కన్నా సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడిచేసి, చల్లారే వేగాన్ని గ్రాఫు నుంచి కనుక్కుంటారు. నిలకడ స్థితిలో దిమ్మె కోల్పోయే వేడే బిళ్ల గుండా వచ్చిన వేడి. ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది చిరపరిచితమైన ప్రయోగం.

20వ శతాబ్దం

1912లో మ్యూనిక్‌లో పోయెన్స్‌గెన్ వేడి పలక చుట్టూ అదే ఉష్ణోగ్రతలో రక్షక వలయం ఉంచి పక్కలకు పోయే వేడిని అరికట్టాడు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3346 ఈ పద్ధతికి సంబంధించినదే. 1961లో పార్కర్ బృందం క్షణకాలపు కాంతి మెరుపుతో నమూనాను వేడిచేసి, వెనుక ముఖం వేడెక్కే సమయం నుంచి, వేడి పదార్థంలో ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే ఉష్ణ వ్యాపనీయతను రాబట్టింది. గుస్టఫ్‌సన్ 1991లో వివరించిన పలుచని సమతల సంవేదకం ప్లాస్టిక్‌లకు నేడు విరివిగా వాడుకలో ఉంది.

కొల్లేరు ప్రాంతంలో

ఈ కొలతల ఉపయోగం ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు సరస్సు ప్రాంతపు చేపల రవాణాలో కనిపిస్తుంది. ఆకివీడు, కైకలూరు, భీమవరం పరిసరాల నుంచి చేపలు ఐసు మధ్య దూర రాష్ట్రాలకు వెళ్తాయి. ఐసు దిమ్మెలను ఊక, రంపపు పొట్టు, గోనెపట్టాలతో కప్పే పాత పద్ధతి, నేటి థర్మాకోల్ పెట్టె ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. రెండూ గాలిని కదలకుండా బంధిస్తాయి. ఊక, పొట్టు తడిస్తే గాలి స్థానంలో నీరు చేరి రక్షణ తగ్గుతుంది.

కొలిచిన వాహకత విలువ ఇలాంటి లెక్కకు పనికొస్తుంది. బయట 35 డిగ్రీలు, లోపల 0 డిగ్రీలు ఉన్నప్పుడు 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ గోడ, ప్రతి చదరపు మీటరుకూ 49 వాట్ల వేడిని రానిస్తుంది. దానితో రోజుకు సుమారు 12.7 కిలోల ఐసు కరుగుతుంది. అంతే మందమున్న చెక్క గోడ (వాహకత 0.15) అయితే 54 కిలోలు కరుగుతాయి. గోడ ఉపరితలాలను ఆనుకుని ఉండే గాలి పొరల ఉష్ణ నిరోధాన్ని ఇందులో లెక్కించలేదు.

ఇటీవలి పరిణామం

పాలిమర్ అంటే అధమ వాహకమేనన్న అభిప్రాయాన్ని 2010లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బృందం సవాలు చేసింది. బాగా సాగదీసిన పాలిథీన్ నానోపోగులో వారు సుమారు 104 వాట్/మీటర్·కెల్విన్ కొలిచారు. గొలుసు అణువులు ఒకే దిశలో వరుసదీరితే వేడి వాటి వెంట సులువుగా సాగుతుంది.