బ్రూసెల్లా వర్గీకరణ చరిత్ర: జన్యుసామ్యం – జాతిభేదం

ఉపోద్ఘాతం

జీవుల వర్గీకరణకు బంధుత్వమే ప్రాతిపదిక అన్నది ఆధునిక జీవశాస్త్ర సూత్రం. అయితే వ్యాధికారక బ్యాక్టీరియా పేరు బంధుత్వంతో పాటు ప్రమాదాన్నీ సూచిస్తుంది. ఈ రెండు ప్రయోజనాల మధ్య ఘర్షణ, చూడి పశువులు ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు క్రిములు – ఒకే ప్రజాతి

1887లో డేవిడ్ బ్రూస్, మాల్టా దీవిలో జ్వరంతో మరణించిన బ్రిటిష్ సైనికుల ప్లీహం నుంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. దానిని గోళాకార బ్యాక్టీరియాగా భావించారు. 1897లో డెన్మార్క్‌కు చెందిన బెర్న్‌హార్డ్ బాంగ్ ఆవుల గర్భస్రావానికి కారణమైన దండాకార బ్యాక్టీరియాను గుర్తించారు. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ మాల్టా జ్వరానికి మూలం మేకలని కనుగొన్నారు. ఆకారాన్ని బట్టి ఈ రెండు క్రిములు వేర్వేరు ప్రజాతుల్లో చేరినందున వాటి సంబంధం రెండు దశాబ్దాలు మరుగున పడింది. 1918లో అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఎవాన్స్ ఇవి అతి సన్నిహితమైనవని నిరూపించి, పచ్చి ఆవుపాల వల్ల మనుషులకూ ముప్పు ఉండవచ్చని హెచ్చరించారు. తొలుత పలువురు నమ్మలేదు. 1920లో మేయర్, షా ఈ రెండింటినీ బ్రూస్ పేరిట ఏర్పడిన బ్రూసెల్లా ప్రజాతిలో చేర్చారు.

ఆతిథేయి – డి.ఎన్.ఎ.

తరువాత జాతుల విభజనకు ఆతిథేయ పశువు ప్రధాన ఆధారమైంది. మేకలు, గొర్రెలలో మెలిటెన్సిస్, పశువులలో అబార్టస్, పందులలో సూయిస్, కుక్కలలో కానిస్ ముఖ్యమైనవి. 1985లో వెర్జర్ బృందం డి.ఎన్.ఎ. సంకరణ పరీక్షల ఆధారంగా ఇవన్నీ ఒకే జాతి అని ప్రతిపాదించింది. జాతి నిర్ణయానికి 70 శాతం సామ్యం చాలు; వీటి మధ్య అది 90 శాతానికి పైగా ఉంది. జన్యుపరంగా ఈ వాదన బలమైనదే. కానీ మనిషిలో వ్యాధి తీవ్రత, టీకా ఎంపిక జాతిని బట్టి మారుతాయి. పెయ్యదూడలకు అబార్టస్ ఎస్–19, గొర్రెలకు, మేకలకు మెలిటెన్సిస్ రెవ్–1 టీకాలు వాడతారు. అందువల్ల 2003లో వర్గీకరణ ఉపసంఘం పాత జాతి నామాలనే పునరుద్ధరించింది.

ముగింపు

2020లో జన్యుపటాల విశ్లేషణ ఆధారంగా, ప్రధానంగా మట్టిలో జీవించే ఓక్రోబాక్ట్రమ్‌ను కూడా బ్రూసెల్లాలో విలీనం చేశారు. ప్రమాదస్థాయిలో ఎంతో తేడా ఉన్న క్రిములకు ఒకే పేరు పెడితే చికిత్సలోనూ, ప్రయోగశాల భద్రతలోనూ పొరపాట్లు జరుగుతాయని పలువురు నిపుణులు అభ్యంతరం తెలిపారు. ఒకప్పుడు విడదీయడం ప్రమాదాన్ని కప్పిపెట్టింది. ఇప్పుడు కలపడం అదే పని చేయవచ్చన్నది వారి ఆందోళన. జన్యుసామ్యం బంధుత్వాన్ని కొలవగలదు. కానీ ఆ కొలతలో ఎక్కడ గీత గీయాలన్నది, ఆ పేరు ఎవరికి ఏ పనికి ఉపయోగపడాలన్న ప్రశ్నతో ముడిపడి ఉందని ఈ చరిత్ర తెలుపుతున్నది.