చదివినవారు, చదవనివారు – ‘అమెరికన్ సైకో’ కథ

హంతకుల కథలు చదవడం పాఠకలోకానికి కొత్త కాదు. అయితే ఒక నవల అచ్చు కాకమునుపే, దానిని చదవనివారు అనేకులు దానిపై తీర్పు చెప్పడం, రచయితకు చంపుతామన్న బెదిరింపులు రావడం మాత్రం అరుదు. 1990 చివరి నెలల్లోనూ 1991 మొదట్లోనూ అమెరికాలో బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ నవల ‘అమెరికన్ సైకో’కు ఈ అనుభవం ఎదురయింది. ఆ నవలను మెచ్చుకోవాలా వద్దా అన్న వాదం ఈనాటికీ తెగలేదు. నాకు ఆ వాదం కన్నా దాని చరిత్ర ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. ఒకే పుస్తకాన్ని మూడు దశాబ్దాలలో మనుషులు ఎన్ని విధాలుగా చదివారు, చదవకుండానే ఎన్ని విధాలుగా అర్థం చేసుకొన్నారు అన్నది అందులో కనబడుతుంది.

ఎల్లిస్ 1964లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. 1985లో, కళాశాలలో చదువుకొంటూ ఉండగానే ‘లెస్ దేన్ జీరో’ నవలతో పేరు తెచ్చుకొన్నాడు. 1987లో రెండవ నవల వచ్చింది. మూడవదానికి సైమన్ అండ్ షూస్టర్ సంస్థ మూడు లక్షల డాలర్లు ముందుగా ఇచ్చింది. ఆ మూడవది ఇది. కథానాయకుడు పాట్రిక్ బేట్‌మన్ ఇరవై ఆరేళ్ల యువకుడు, వాల్ స్ట్రీట్ ఉద్యోగి, ఐశ్వర్యవంతుడు, అందగాడు. కథంతా అతని నోటనే నడుస్తుంది. ఎవరు ఏ సంస్థవారి సూటు తొడుక్కొన్నారు, ఏ భోజనశాలలో ఏమి వడ్డించారు, ముఖానికి ఏ లేపనం ఏ వరుసలో పూసుకోవాలి అన్నవి పేజీలకొద్దీ సాగుతాయి. నూరు పేజీలు దాటిన తరువాత గాని తొలి ఘాతుకం మన కళ్ళ ముందు జరగదు. అటుపైన హత్యలు, చిత్రహింసలు మొదలవుతాయి. వాటిని కూడా అతడు సూటును వర్ణించిన గొంతుతోనే, అదే తాపీతనంతో వర్ణిస్తాడు. ఈ నవలలో భరించరానిది రక్తం కాదు, ఆ గొంతు మారకపోవడం.

1990 శరత్కాలంలో ‘టైమ్’ పత్రికలోనూ, ‘స్పై’ అనే వ్యంగ్యపత్రికలోనూ నవలలోని హింసాభాగాల గురించి రచనలు వెలువడ్డాయి. ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. ఎల్లిస్ మొదటి పుస్తకాలకు ముఖచిత్రాలు కూర్చిన కళాకారుడు దీనికి ముఖచిత్రం చేయనన్నాడు. నవంబరు మధ్యలో, పుస్తకం అంగళ్ళకు చేరడానికి కొద్ది వారాల ముందు, సైమన్ అండ్ షూస్టర్ అధినేత రిచర్డ్ స్నైడర్ ప్రచురణను రద్దుచేశాడు. చెప్పిన కారణం అభిరుచికి సంబంధించినది. సంస్థ అప్పటికే వ్రాతప్రతిని ఆమోదించి, సంపాదకులచేత సరిచూపించిన విషయాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. అభిరుచి అనేది పత్రికలలో వ్యాసాలు పడ్డాకనే మేలుకోవడం కొంత విచిత్రమే.

రద్దయిన కొద్ది రోజులలోనే ఆ నవలను తీసుకొన్నవాడు ఢిల్లీలో పుట్టిన మనవాడు, నాఫ్ సంస్థ అధినేత సన్నీ మెహతా. (ఒరిస్సా నాయకుడు బిజూ పట్నాయక్‌కు అల్లుడు, రచయిత్రి గీతా మెహతా భర్త. 2019లో కన్నుమూశాడు.) అతడు దానిని గట్టి అట్టతో కాక, వింటేజ్ ముద్రకింద చవక అట్టతో 1991 మార్చిలో తెచ్చాడు.

ఈ లోపల దేశమంతటా తీర్పులు వెలువడుతూనే ఉన్నాయి. 1990 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పుస్తకసమీక్షల అనుబంధంలో రోజర్ రోజెన్‌బ్లాట్ నిప్పులు చెరిగాడు. కుతూహలం కొద్దీ పుటలు తిప్పితే తిప్పండి గాని, కొనవద్దని పాఠకులకు హితవు చెప్పాడు. జాతీయ మహిళాసంస్థ లాస్ ఏంజెలెస్ శాఖ, టామీ బ్రూస్ నాయకత్వంలో, బహిష్కారానికి పిలుపునిచ్చింది. ఫోను చేసినవారికి నవలలోని ఒక దారుణఘట్టాన్ని రికార్డుమీద వినిపించే ఏర్పాటు కూడా చేశారు. ఈ చివరి విషయం వద్ద నేను చాలాసేపు ఆగిపోయాను. పుస్తకాన్ని చదవనక్కరలేకుండా, దానిలో అత్యంత క్రూరమైన నిమిషాన్ని మాత్రం వేరుచేసి చెవిలో వేయడం అది. నాలుగు వందల పేజీల విసుగునుంచి, ఆ బట్టల జాబితాలనుంచి, ఒకరి పేరు మరొకరికి తగిలించి పిలుచుకొనే ఆ మతిమాలిన విందులనుంచి విడదీస్తే, ఆ ఘట్టం నిజంగానే బూతుబొమ్మవలె మిగులుతుంది.

అయినా ఆ మహిళల కోపాన్ని తీసిపారేయడం అన్యాయం. వారి ఆగ్రహం గాలిలోంచి పుట్టలేదు. అనేక యువతులను చంపిన టెడ్ బండీకి మరణశిక్ష అమలైనది 1989 జనవరిలో. అదే ఏడాది డిసెంబరు 6న కెనడాలోని మాంట్రియల్‌లో, స్త్రీవాదులపై ద్వేషంతో ఒకడు ఇంజనీరింగు కళాశాలలో జొరబడి పద్నాలుగు మంది స్త్రీలను కాల్చిచంపాడు. అప్పటికి నవల వెలువడడానికి పదిహేను నెలలే ఉన్నది. అటువంటి కాలంలో స్త్రీని ముక్కలుచేసే వర్ణనలు వినోదసాహిత్యపు వరుసలో అంగడికి వస్తున్నవని వింటే, ‘ముందు ఆసాంతం చదివి మాట్లాడండి’ అని వారికి చెప్పడం నాకైతే నోరు రాదు.

సమర్థకులు లేకపోలేదు. బ్రిటిష్ రచయిత్రి ఫే వెల్డన్ దీన్ని నిజాయితీ గల రచనగా భావించింది. నార్మన్ మెయిలర్ 1991 మార్చిలో ‘వానిటీ ఫెయిర్’ పత్రికలో సుదీర్ఘవ్యాసం వ్రాశాడు. దోస్తయెవ్‌స్కీ స్థాయి వస్తువును ఈ కుర్రవాడు తలకెత్తుకొన్నాడని ఒప్పుకొంటూనే, మోసే శక్తి చాలలేదన్నాడు. ఇంత ఘోరాన్ని చూపినవాడు, ఆ హంతకుని లోపల ఏమున్నదో మనకు తెలిసేలా చేయాలని అతని వాదం. మెయిలర్ అడిగినది న్యాయమే గాని, బేట్‌మన్ లోపల ఏమీ లేకపోవడమే నవలకు ప్రాణమని నా అభిప్రాయం.

ఇదే సమయంలో జరిగిన ఇంకొక సంగతి పక్కన పెట్టి చూడాలి. థామస్ హారిస్ 1988లో వ్రాసిన ‘ది సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ కూడా వరుసహత్యల నవలే. అందులో స్త్రీల చర్మం ఒలిచే హంతకుడున్నాడు, నరమాంసభక్షకుడైన వైద్యుడున్నాడు. దాని ఆధారంగా తీసిన చలనచిత్రం 1991 ఫిబ్రవరిలో, అంటే ‘అమెరికన్ సైకో’ రావడానికి కొద్ది వారాల ముందే విడుదలై, మరుసటి యేడు అయిదు ఆస్కార్లు గెలుచుకొన్నది. స్వలింగసంపర్కుల హక్కుల సంఘాలు దానిపై నిరసన తెలిపిన మాట నిజమే, కాని నవలను అచ్చువేయవద్దని ఇంతటి గగ్గోలు ఏదీ పుట్టలేదు. ఎందుచేత? అక్కడ క్లారిస్ స్టార్లింగ్ ఉన్నది. పాఠకుడు ఆ చీకటిలోనికి ఆమె చేయి పట్టుకొని దిగుతాడు, ఆమె చేయి పట్టుకొనే పైకి వస్తాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు చదివి పెరిగిన మనకు ఈ సంగతి వివరించనక్కరలేదు. ఎన్ని శవాలు లేచినా చివరకు డిటెక్టివ్ వచ్చి లెక్క సరిచేస్తాడన్న భరోసా మీదనే ఆ పుస్తకాలు నిద్రపట్టేలా చేసేవి. ఎల్లిస్ నవలలో కూడా ఒక డిటెక్టివ్ వస్తాడు, కొద్ది ప్రశ్నలడిగి వెళ్ళిపోతాడు. చివరకు బేట్‌మన్ తన లాయరుకు ఫోనులో సమస్తం ఒప్పుకొంటే, ఆ లాయరు దానిని పరిహాసంగా తీసుకొంటాడు. పైగా అతన్ని ఇంకెవరో అనుకొంటాడు.

మన ఆలంకారికులు జుగుప్సను స్థాయిభావంగా గుర్తించి బీభత్సరసానికి పీట వేశారు గాని, ప్రధానరసంగా కావ్యమంతటా దానినే నడిపిన కవులు అరుదు. యుద్ధవర్ణనలో వీరానికి తోడుగా, శ్మశానంలో వైరాగ్యానికి తోడుగా వచ్చి వెళుతుంది. తోడు లేని బీభత్సం ఎదురైనప్పుడు సహృదయుడు ఏమి చేయాలి? అమెరికా పాఠకులు మూడు దారులు త్రొక్కారు. కొందరు పుస్తకం మూసేశారు. కొందరు నవ్వుకొన్నారు, వారికి అది ధనమదంపై ప్రహసనం. మరికొందరు ఇదంతా బేట్‌మన్ ఊహ, ఒక్క హత్యా జరగలేదని తేల్చుకొన్నారు. 2000లో చలనచిత్రం వచ్చాక ఈ మూడవ మతం మరీ బలపడింది. తన ముగింపు అంతా కలయే అన్న భ్రమ కలిగించిందని దర్శకురాలు మేరీ హారన్ తరువాత విచారించింది. నా మట్టుకు, ఊహ అన్న వ్యాఖ్యానం పాఠకుడు తనకు తాను ఇచ్చుకొనే సెలవు చీటీ. శవాలు దాచిన ఇంటికి బేట్‌మన్ తిరిగి వెళితే గోడలకు కొత్తరంగు, గదులనిండా పూలు, ఇల్లు అమ్మకానికి పెట్టిన స్త్రీ కనబడతారు. ఆమె అతన్ని మర్యాదగా, ఖచ్చితంగా బయటికి పంపుతుంది. నిజానిజాలు తేలని ఘట్టమే గాని, ధర పలికే ఇంట్లో రక్తం మరకలను ఎవరూ చూడదలచుకోరన్న అర్థం నాకు ఎక్కువ భయంగొలుపుతుంది.

పుస్తకంపై ప్రభుత్వాల పట్టు కూడా తేలికగా వదలలేదు. ఆస్ట్రేలియాలో అది పద్దెనిమిదేళ్ళు నిండినవారికే, అదీ ప్లాస్టిక్ పొరలో చుట్టి అమ్మవలసిన పుస్తకం. 2015లో అడిలైడ్ నగరంలో ఒక పుస్తకాల దుకాణంలో పొర లేకుండా అమ్ముతున్నారని పోలీసులు వెళ్ళారు. అప్పటికే లండన్‌లో (2013) అది సంగీతనాటకమై ఆడింది, మరుసటి ఏడాది న్యూయార్క్ బ్రాడ్వే చేరింది.

ఇక ఇటీవలి పాఠకులు, లేదా పాఠకులు కానివారు. 2020ల నాటికి బేట్‌మన్ యువకుల చేతిఫోనులలో ఆదర్శపురుషుడై కూర్చొన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లతో అతని నడక, ఉదయపు వ్యాయామం, విజిటింగు కార్డు చూసి చెమటలు పట్టడం తునకలు తునకలుగా తిరుగుతున్నాయి. ఇద్దరు స్త్రీలు, హారన్, గినివెర్ టర్నర్, వెక్కిరింపుగా మలచిన పాత్ర అది. 1991లో వ్యతిరేకులు నవలలోంచి హత్యలను మాత్రమే తీసి వినిపించారు. ఈ యువకులు హత్యలను తీసేసి మిగిలినది చూస్తున్నారు. ఆ మహిళలకున్న పాటి నైతికబాధ్యత వీరికి లేదన్నది వేరే మాట.

నవలను మెచ్చేవారు కూడా జవాబు చెప్పవలసినది ఒకటున్నది. బేట్‌మన్ డబ్బిచ్చి తెచ్చుకొన్న స్త్రీలకు క్రిస్టీ అనీ సబ్రీనా అనీ పేర్లు తానే పెడతాడు. వారి అసలు పేర్లు అతడు అడగడు. ఉత్తమపురుషలో సాగే కథ కనుక రచయిత కూడా చెప్పడు. వ్యంగ్యమంతా బేట్‌మన్ మీదనే అయినప్పుడు, ఆ పేర్లు మనకు ఎవరు చెప్పాలి?